మూల కత్తిరించిన అట్ట

ఒకటి, రెండో తరగతులు చెప్పే సార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

ట్యాబ్‌మీద ప్రోగ్రామింగ్ పాఠమనగానే ట్యాబ్ బయటికి తీయకండి. మొదటిరోజే చేతికిస్తే చూపు ఆననివాళ్ళు, వేలు నిలవనివాళ్ళు, బడి భాష ఇంకా అలవడనివాళ్ళు పక్కకు జరిగిపోతరు. ఆ తర్వాత వాళ్ళకోసం వేరే పాఠం వెతుక్కుంటం. వేరే పాఠం వద్దు, ఉన్న పాఠంలోనే వాళ్ళకు తోవ ఉండాలె.

నేలమీద అష్టాచెమ్మ లెక్క 5 గళ్ళు అడ్డం, 5 నిలువు గీయండి. గడి అడుగు చాలు. ఒక మూల హనుమకొండ చౌరస్తా, ఎదురు మూల వేయిస్తంభాల గుడి, నడుమ రెండు గళ్ళు భద్రకాళి చెరువు. ఒక పిల్ల ఆటో. మిగతావాళ్ళు బాణాల అట్టలు వరుసగా పేర్చి, ఆటో చెరువులో పడకుండా గుడికి చేర్చాలె. వరుస ముందే పేర్చడం, నడిపి చూడడం, తప్పినచోట ఒక్క అట్ట మార్చడం: ఈ వయసుకు ప్రోగ్రామింగంటే ఇదే.

అట్టలు 10 సెంటీమీటర్లవి. ‘ముందుకు’ 12, ‘కుడికి తిరుగు’ 4, ‘ఎడమకు తిరుగు’ 4. బాణంమీద ఫెవికాల్‌తో లావు దారం అంటించండి. ప్రతి అట్టకూ పైన కుడి మూల కత్తిరించండి, ఆ కోతను తడిమితే అట్టకు పైవైపు ఏదో తెలుస్తది. ఈ పని మాత్రం మరవొద్దు. ‘ముందుకు’ అట్ట అడ్డం పడితే కుడి బాణంలా కనిపిస్తది, గుంపులో తగాదాలు అక్కడే మొదలైతయి. చూపులేని పిల్లకోసం చేసిన కోత అందరి తగాదా తీరుస్తది.

తిరగమంటే పిల్లలు తిరిగి, ఒక గడి ముందుకూ పోతరు. తిరిగేటప్పుడు పాదాలు అదే గడిలో ఉండాలని విడిగా ఆడించండి. కుడి ఎడమలకు అరకకు కట్టే వలపల (కుడి), దాపల (ఎడమ) ఎడ్లను చెప్పొచ్చుగానీ ఇప్పటి పిల్లలకు అరకే తెలియదు. కుడి మణికట్టుకు రిబ్బను కట్టడమే నయం.

చక్రాల కుర్చీ ఉన్నచోటే తిరగాలంటే మీటరున్నర జాగా కావాలె, అడుగు గడిలో పట్టదు. అప్పుడు ఆ బాబును చప్పట్లు కొట్టడానికి కూర్చోబెడతం. అది తప్పు. రెండో ఆట అందరికీ బల్లమీదే పెట్టండి: 35 సెంటీమీటర్ల అట్ట, 7 సెంటీమీటర్ల గళ్ళు, గీతలమీద సుతిలి, ఆటోకు సీసామూత. చెరువుకు నీలం రంగొక్కటే నమ్మొద్దు, ప్లాస్టిక్ కవరు అంటించండి. గుడి గడిలో గరుకు కాగితం.

ఇక ట్యాబ్. స్క్రాచ్ జూనియర్ అనే ప్రోగ్రామింగ్ యాప్ ఉచితం, 5 నుంచి 7 ఏళ్ళవాళ్ళకు చేసింది, బ్లాకులమీద బొమ్మలే ఉంటయి. ఇక్కడొక చిక్కుంది. నేలమీద తిరిగి ముందుకు పోయినం. ఈ యాప్‌లో బొమ్మను ఎటు తిప్పినా కుడి బాణం కుడికే జరుపుతది. అందుకే ముందురోజు బల్లమీద తిరుగుడు అట్టలు తీసేసి పైకి, కిందికి, కుడి, ఎడమ బాణాలతో ఆడించండి. లేకుంటే నేర్చిందంతా అక్కడ తారుమారైతది.

ట్యాబ్‌కు ముగ్గురు: వరుస చెప్పేవాళ్ళు, వేలు పెట్టేవాళ్ళు, తప్పు పట్టేవాళ్ళు. 5 నిమిషాలకోసారి మార్చండి, గంట కొట్టి కాదు, రంగు అట్ట ఎత్తి. హఠాత్తు చప్పుడుకు చెవులు మూసుకునే పిల్లలుంటరు. బ్లాకు జరగకుంటే చూడండి, రెండో అరచెయ్యి తెరమీద ఆనుకొని ఉంటది. ట్యాబ్ కింద రెండు నోటుపుస్తకాలు పెట్టి ఏటవాలు చేయండి. చూపులేని పిల్ల బల్లమీద బాణాల అట్టలతో వరుస పేరుస్తది, జట్టు దాన్నే తెరమీద పెడుతది.

మహబూబాబాద్ తండా పిల్లలు, ములుగు కోయ పిల్లలు, ఆదిలాబాద్ గోండు పిల్లలు బాణాలకు తమ ఇంటి మాటలే వాడనివ్వండి. యాప్‌లో మైకు బ్లాకుంది, బొమ్మకు ఆ మాటలే రికార్డు చేయించండి. రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపండి.