అయస్కాంతం బ్రేకు వేయదు

అందరికీ నమస్కారం. ఇందాక హాలు బయట టీ తాగుతుంటే ఒకమ్మాయి అడిగింది: "సార్, ప్లాస్మాలో, అంటే ఎలక్ట్రాన్లు విడిపోయిన వేడి వాయువులో, కణాలకి బ్రేకు వేసేది అయస్కాంతమే కదా?"

కాదమ్మా. అయస్కాంత బలం కణం వెళ్లే దిశకు ఎప్పుడూ లంబంగానే ఉంటుంది. దారి వంచుతుంది, వేగం తగ్గించదు. హైడ్రోజన్‌లోనే బరువైన రకాలు డ్యుటీరియం, ట్రిటియం కలిస్తే 35 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో ఆల్ఫా కణం, అంటే హీలియం కేంద్రకం పుడుతుంది. వేగం సెకనుకు దాదాపు 13,000 కిలోమీటర్లు. అయినా 5 టెస్లాల క్షేత్రంలో అది తిరిగే చుట్టు వెడల్పు 11 సెంటీమీటర్లకు మించదు, మన ఇడ్లీ కన్నా కాస్త పెద్దది. సెకనుకు సుమారు 3.8 కోట్ల చుట్లు!

మరి ఆపేదెవరు? మన ఫిషింగ్ హార్బర్‌లో బోటు వెళ్తుంటే వెనక నీళ్లు చూడండి. ఆ అలలు లేవడానికయ్యే ఖర్చు బోటు డీజిల్లోంచే పోతుంది. ఇక్కడా అంతే. ఆల్ఫా ధనావేశం కాబట్టి చుట్టుపక్కల ఎలక్ట్రాన్లు దానివైపు కదులుతాయి. అవి చేరేలోపు అది ముందుకెళ్లిపోతుంది, బస్సు కదిలాక రోడ్డెక్కిన పెళ్లివారిలా. అలా వెనక పోగైన రుణావేశం దాన్ని వెనక్కి లాగుతుంది. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ లాంటి ఫ్యూజన్ (కేంద్రకాలను కలిపి శక్తి తీసే) యంత్రంలో సెకను అటూ ఇటూలో దాని శక్తి చాలావరకు ప్లాస్మాకి వేడిగా అందుతుంది. మనకు కావలసిందీ అదే. తోడు పుట్టిన న్యూట్రాన్‌కి ఆవేశం లేదు, నేరుగా గోడకి పోతుంది.

వెనక్కి లాగే ఈ రాపిడికి ఒక తిక్క ఉంది. ప్లాస్మా ఎలక్ట్రాన్ల సగటు వేగాన్ని బాగా దాటిన కణానికి, వేగం రెట్టింపయితే రాపిడి నాలుగో వంతవుతుంది. గాలిలో బైకు నడిపేవాళ్లకి ఇది వింతే. అందుకే విద్యుత్ క్షేత్రం తగినంత ఉంటే కొన్ని ఎలక్ట్రాన్లు చేయిదాటి పారిపోతాయి. 1959లో డ్రైసర్ అనే భౌతిక శాస్త్రవేత్త లెక్కగట్టింది ఇదే. అవి తగిలితే యంత్రం గోడ లోహమే కరగొచ్చు.

అయితే అయస్కాంతానికి పాత్రే లేదా? ఉంది, దొడ్డిదారిన. క్షేత్రం చాలా బలంగా ఉంటే ఎలక్ట్రాన్లు దారానికి గుచ్చిన పూసల్లా క్షేత్రరేఖల వెంటే జారగలవు. అప్పుడు కణం వెనక పోగైన ఎలక్ట్రాన్ల జాడ తిన్నగా ఉండదు, పక్కకి వాలుతుంది. లాగే బలమూ పక్కకి మళ్లుతుంది. 2019లో వచ్చిన లెక్కలు ఇది చూపించాయి: వేగం తగ్గడమే కాదు, ఆ ఇడ్లీ చుట్టు వెడల్పూ మారిపోతుంది. కాబట్టి అమ్మా, నీ ప్రశ్న సగం సరైనదే. రెండో ప్రశ్న కూడా నువ్వే మొదలుపెట్టు.