కోనన్‌కి పగ ఎందుకు అంటగట్టారు? | 1982 సినిమా రివ్యూ

నమస్తే అండి. కడప నుంచి, మా మిద్దె మీద నుంచి మాట్లాడుతున్నా. అసలు విషయంలోకి పోయే ముందు ఒక మాట చెప్పేయాలి. పక్కన స్టూలు మీద కనిపిస్తున్న ప్రొజెక్టర్ నేను కొన్నది కాదు. ఊళ్లో ఒక షాపు వాళ్లు రెండు వారాలు వాడి, ఎట్లుందో వీడియోలో చెప్పమని ఇచ్చారు. డబ్బులేమీ తీసుకోలేదు. రేపు తిరిగి ఇచ్చేస్తున్నా.

దాని ధర, వెలుతురు, రిజల్యూషన్ అన్నీ మీరు ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు. నేను చెప్పేది ఒక్కటే. పగటి వెలుతురు సీన్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. కాగడాల వెలుతురులో తీసిన సీన్లు మాత్రం తేలిపోతున్నాయి. నలుపు నలుపుగా రావడం లేదు, బూడిద నీళ్లలో ముంచినట్టు ఉంది. పైగా ఫ్యాన్ చప్పుడు. మామూలు కుటుంబ సినిమాకైతే పట్టించుకోనక్కర్లేదు. కానీ నేను పెట్టింది కత్తులు, మంత్రాల సినిమా. దానికి చీకటే ప్రాణం.

పెట్టిన సినిమా 1982లో వచ్చిన ఇంగ్లీషు సినిమా, కోనన్ ది బార్బేరియన్. జాన్ మిలియస్ తీసింది, ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ హీరో. చాలామంది టీవీలో ముక్కలు ముక్కలుగా చూసే ఉంటారు, అందుకని కథ మొత్తం చెప్పను. నేను దీన్ని ఇది ఐదోసారో ఆరోసారో చూడటం. మా జేజికి, అంటే నాయనమ్మకి, మొదటిసారి. చాప మీద కూర్చుని బొరుగులు తింటూ చూసింది.

సినిమా మొదట్లో కత్తి తయారు చేస్తారు. కరిగిన ఇనుము అచ్చులోకి పారుతుంది, సుత్తి దెబ్బలు పడతాయి, ఎర్రగా కాలిన కత్తిని మంచులో గుచ్చుతారు. బాసిల్ పోలెడూరిస్ సంగీతం గుండెల మీద డప్పు కొట్టినట్టు మోగుతుంది. ఇక్కడే జేజి తినడం ఆపేసి చూసింది. ఆ తర్వాత గుర్రాల మీద దొంగలు ఊరి మీద పడి, పిల్లవాడి కళ్లముందే వాళ్ల నాయనను చంపుతారు. అమ్మ తల నరుకుతారు. పిల్లవాడు ఖాళీగా మిగిలిన తన చేతిని చూసుకుంటాడు. ఆ షాట్ ఎన్నిసార్లు చూసినా నాకు కడుపులో తిప్పుతుంది.

అప్పుడు జేజి ఒక మాట అనింది. "వీడు గూడా వాళ్ల నాయన కోసమేనా రా కత్తి పట్టేది?"

ఈ వీడియో చేయాలనిపించింది ఆ మాటకే. ఎందుకంటే, అసలు కథల్లో అది లేదు.

కోనన్‌ను పుట్టించిన రాబర్ట్ ఇ. హోవర్డ్ టెక్సస్‌లో క్రాస్ ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్లో ఉండి రాశాడు. 1906లో పుట్టి 1936లోనే పోయాడు, ముప్పై ఏళ్లకే. మొదటి కోనన్ కథ 1932 డిసెంబరులో ఒక చవక పత్రికలో అచ్చయింది. ఆ మొదటి కథలోనే కోనన్ రాజు! నడివయసువాడు, రాజ్యం ఏలడమంటే విసుగెత్తి ఉంటాడు. తర్వాత 1933 మార్చిలో వచ్చిన కథలో చూస్తే పిల్లదొంగ, ఒంటి మీద సరైన గుడ్డ లేదు. ఇంకో కథలో ఓడ దొంగ. వరస లేదు, క్రమం లేదు. ఎక్కడా వాడికి అమ్మానాయనల పగ లేదు.  పదిహేనేళ్ల వయసులో తన జనంతో కలిసి సరిహద్దు కోట మీద పడిన కుర్రాడు వాడు. దెబ్బ తిన్నవాడు కాదు, దెబ్బ కొట్టిన వైపు ఉన్నవాడు. ఆ తర్వాత ఊరు వదిలి ఎందుకు తిరిగాడంటే లోకం చూడాలని. ఆకలేస్తే దొంగతనం, డబ్బిస్తే యుద్ధం, పొద్దున లేస్తే ఇంకో ఊరు.

మనకు ఇది కొత్త కాదండీ. కాశీమజిలీ కథలు గుర్తు చేసుకోండి. మధిర సుబ్బన్న దీక్షితులు గారు రాసినవి. మణిసిద్ధుడు కాశీకి నడుస్తుంటాడు, తోడు వచ్చిన గోపకుర్రాడికి మజిలీ మజిలీకీ ఒక కథ చెప్తాడు. కథ అయిపోతే మూట కట్టుకుని మళ్లీ నడక. కోనన్ కథలు కూడా అచ్చం అలాంటి మజిలీ కథలే. సినిమావాళ్లు ఏం చేస్తారు? మజిలీలన్నీ తీసేసి, మొదట్లో ఒక చావు, చివర్లో ఒక పగ పెట్టి, మధ్యలో తాడు కడతారు.

దీని మీద నాకు ఇంత మంట ఎందుకో చెప్తా. నేను కడపవాణ్ని. ఇరవై ఏళ్లకు పైగా తెలుగు సినిమాలో మా సీమ పేరెత్తితే పగ. తెల్ల సుమోలు, వేట కొడవళ్లు, చచ్చిన నాయన ఫోటోకు దండ. కాలేజీలో చేరిన మొదటి వారం నాకు ఎదురైన మొదటి ప్రశ్న, "మీ ఇంట్లో బాంబులుంటాయా?" అని. మా ఇంట్లో ఉండేవి జేజి బైండు చేయించిన చందమామలు. ఆ చందమామను 1947 జూలైలో మొదలుపెట్టిన బి. నాగిరెడ్డి గారు మా కడప జిల్లా మనిషే. పాతాళభైరవి తీసిన కె.వి. రెడ్డి గారు పక్కన అనంతపురం జిల్లా తాడిపత్రి వైపు మనిషి. తెలుగువాళ్లకు మాంత్రికుణ్ని, గుహను, మాయను తెర మీద చూపించిన వాళ్లలో సీమ మనుషులు ముందు వరసలో ఉన్నారు. అది ఎవరికీ గుర్తు లేదు, పగ మాత్రం గుర్తుంది. అందుకే టెక్సస్ కుర్రాడు రాసిన దేశదిమ్మరి కథకు కూడా ఎవరో పగ అంటగడితే నాకు సొంత విషయంలా తగులుతుంది.

సరే, మళ్లీ సినిమాలోకి వద్దాం. మిలియస్ కథలను బాగా చదివినట్టే కనిపిస్తుంది. కోనన్‌ను చెట్టుకు వేలాడదీస్తే రాబందు పొడవడానికి వస్తుంది, వాడు దాని మెడ కొరుకుతాడు. అది హోవర్డ్ 1934లో రాసిన కథలోదే. చచ్చినా తిరిగొచ్చి నీ పక్కన నిలబడతాను అని ప్రియురాలు చెప్పే మాట ఇంకో కథలోది, ఆమె పేరు మాత్రం వేరే కథలోంచి తీసుకున్నారు. విలన్ తల్సా డూమ్ అసలు కోనన్ శత్రువే కాదు, హోవర్డ్ రాసిన కల్ అనే వేరే రాజు కథల్లోవాడు. దీన్ని నేను తప్పుపట్టను. పాతాళభైరవి కూడా అక్కడో ఇటుక ఇక్కడో ఇటుక తెచ్చి కట్టుకున్నదే. ఇల్లు నిలబడిందా లేదా అన్నదే చూడాలి.

ఇక నాకు అన్నిటికన్నా బాధ కలిగించే చోటు. సినిమాలో కోనన్, తోటి దొంగలు కలిసి రాత్రిపూట ఒక గోపురం ఎక్కి మణి దొంగిలిస్తారు. లోపల పెద్ద పాము ఉంటుంది. ఆ పామును నిజంగా యంత్రంతో చేశారు, దాని పొలుసుల మీద కాగడా మెరుపు బాగుంటుంది. కానీ ఆ గోపురం వెనక ఉన్న అసలు కథ ఏంటో తెలుసా? ఇందాక చెప్పానే, 1933 మార్చి కథ. యారా అనే మాంత్రికుడి గోపురం. కోనన్‌తో పాటు తారస్ అనే పేరుమోసిన దొంగ ఎక్కుతాడు. వాడి తాడు చచ్చిపోయిన ఆడవాళ్ల జుట్టుతో పేనింది. తారస్ పైకి చేరి తలుపు తీసుకుని లోపలికి పోతాడు, మరుక్షణం తూలుతూ బయటకొచ్చి చస్తాడు. లోపల ఉన్నది సాలెపురుగు.

దాన్ని చంపి ఇంకా లోపలికి పోతే, ఏనుగు తల ఉన్న పచ్చని శరీరం కూర్చుని ఉంటుంది. విగ్రహం అనుకుంటాడు కోనన్. అది కదులుతుంది. తొండం చాచి వాడి ముఖం తడుముతుంది, ఆడపిల్ల చెయ్యి తగిలినంత మెత్తగా. కళ్లు లేవు దానికి, పొడిచేశారు. కాళ్లూ చేతులూ విరిచేశారు. వేరే లోకం నుంచి రెక్కలతో ఎగిరొచ్చిన జీవి అది. దాని దగ్గరే మంత్రాలు నేర్చుకుని, దాన్నే మూడు వందల ఏళ్లు బంధించి చిత్రహింస పెట్టాడు యారా. కత్తి పట్టుకుని దొంగతనానికి వచ్చిన కుర్రాడు దాని ముందు నిలబడి, మనిషి జాతి చేసిన పాపమంతా తనమీద పడ్డట్టు కుమిలిపోతాడు.

ఒక్కసారి మన ప్రేక్షకుడి కళ్లతో ఆలోచించండి. ఏనుగు తల! చవితి రోజు మట్టితో చేసి పూజించే రూపం. అది గుడ్డిదై, తొండంతో తడుముకుంటూ ఒక దొంగ ముందు ఏడిస్తే, మన థియేటర్‌లో ఈల వేసేవాడు ఒక్కడు ఉంటాడా? నేను చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. హోవర్డ్ కథల బలం కండల్లో లేదండీ. కండలు తిరిగిన మనిషి తనకు అర్థం కానిదాన్ని చూసి వణికే చోట ఉంది, ఆ వణుకులో కూడా జాలి పడే చోట ఉంది. 1982 సినిమా ఆ గోపురాన్ని తీసుకుని, లోపలున్న దేవుణ్ని వదిలేసింది.

మరి సినిమా బాగాలేదా అంటే, చాలా బాగుంది. చూడండి, తప్పకుండా చూడండి. ఎందుకంటే దానికి బరువు ఉంది. కత్తి ఎత్తితే బరువు, గుర్రం పరిగెడితే బరువు. మంత్రం కూడా అడపాదడపా వస్తుంది, వచ్చినప్పుడు భయపెడుతుంది. చావు బతుకుల్లో ఉన్న కోనన్ ఒంటి నిండా అక్షరాలు రాసి, రాత్రంతా కాపలా కాస్తారు. గాలితో పాటు దయ్యాలు వచ్చి వాణ్ని లాక్కుపోబోతాయి. జేజి ఆ సీన్‌లో నా చెయ్యి పట్టుకుంది. నిమ్మలకుంట తోలుబొమ్మలు ఆడటం చూసినవాళ్లకు తెలుస్తుంది, బొమ్మను తెరకు ఆనించి పెడితే రంగులు స్పష్టంగా కనిపిస్తాయి, కొంచెం వెనక్కి లాగితే నీడ మసకబారి పెరుగుతుంది. రాక్షసుడు అలా మసకగా ఉన్నప్పుడే పిల్లలు దగ్గరికి జరిగి కూర్చుంటారు.

1984లో వచ్చిన రెండో భాగంలో పగ లేదు. రాణి పంపితే వస్తువు తేవడానికి పోయే ప్రయాణం. చెప్పాలంటే కథ నడక హోవర్డ్‌కు దగ్గర. కానీ ఆ బరువు పోయింది, రాక్షసుడు వెలుతురులో నిలబడి తన్నులాడతాడు. 2011లో జేసన్ మొమోవాతో తీసినదాంట్లో మళ్లీ నాయన చావు, మళ్లీ పగ. మొమోవా చూపు, నడక కోనన్‌వే. ఆయనకు కథ ఇవ్వలేదు పాపం. దాని గురించి ఇంతకంటే మాట్లాడబుద్ధి కావడం లేదు.

నన్నడిగితే దీన్ని సిరీస్‌గా తీయాలి. ఎపిసోడ్‌కు ఒక మజిలీ. ఒకదాంట్లో రాజు, తర్వాతదాంట్లో దొంగ, ఎందుకని ఎవరూ వివరించకూడదు. పోయిన నెల గండికోటలో పొద్దు గూకే వేళ అంచున కూర్చుని అదే అనుకున్నా. కింద పెన్నా సన్నగా పారుతోంది, ఎర్రబండలు నల్లబడుతున్నాయి. మాధవరాయ గుడి గోపురం, మసీదు మీనార్లు, మధ్యలో ఖాళీ ధాన్యాగారం. ఒక మనిషి భుజాన కత్తి వేసుకుని ఆ కోట ద్వారంలోంచి వస్తే చాలు. వాడి నాయన ఎవరని నేనైతే అడగను.

సినిమా అయిపోయాక ప్రొజెక్టర్ ఆపి, చీకట్లోనే జేజికి ఆ ఏనుగు కథ చెప్పా. ఆ జీవి తన గుండె కోసి, ఆ రక్తం మణి మీద పిండమని కోనన్‌ను అడుగుతుంది. మణిని తీసుకుపోయి యారా ముందు పెడితే, వాడు చూస్తూ చూస్తూ చిన్నగా అయిపోయి, బొమ్మంత అయి, మణిలోకే జారిపోతాడు.

జేజి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది. "ఆ ఏనుగుసామికి రెక్కలు మళ్లీ వచ్చినాయా?"

వచ్చాయి జేజీ, అన్నా. మణి లోపల కనిపిస్తుంది, కళ్లు కూడా వచ్చాయి, మాంత్రికుణ్ని తరుముతూ ఉంటుంది.

"మరి అది తీయకుండా పామును పెట్టుకున్నారేం రా?"