కారు డోర్ బీడింగ్: నొక్కుడు మీద నిలిచే రబ్బరు

సభలో ఉన్న పెద్దలకు, ఇరుగుపొరుగు మిత్రులకు నమస్కారం.

రెండేళ్ల క్రితం ఆగస్టులో, ఇక్కడ విశాఖపట్నంలో మూడు రోజులు ఎడతెరపి లేకుండా వాన కురిసిన తరువాత, మా కారు వెనుక సీటులో కూర్చోబోయి కార్పెట్ మీద పాదం మోపితే నీరు ఊరి వేళ్లకు తగిలింది. ఒక వర్క్‌షాపుకు తీసుకువెళితే, డోర్ బీడింగ్, అంటే తలుపు చట్రం చుట్టూ ఉండే రబ్బరు పట్టీ, అరిగిపోయిందని సరిగానే గుర్తించారు కానీ, దాన్ని మార్చకుండా చుట్టూ సిలికాన్ సీలెంటు పూసి పంపించారు. రెండు వారాలు చుక్క నీరు రాలేదు. మూడో వారం మునుపటికంటే ఎక్కువ వచ్చింది. ఆ గట్టిపడిన సీలెంటును గీకి తీసి కొత్త బీడింగ్ నేనే వేసుకోవడానికి రెండు ఆదివారాలు పట్టింది. జూనియర్ కళాశాలలో ముప్పై ఏళ్లు రసాయనశాస్త్రం బోధించిన నాకు, తరగతిలో ఎన్నోసార్లు చెప్పిన రబ్బరు పాఠం ఆ రెండు ఆదివారాల్లోనే చేతికి తెలిసివచ్చింది. డోర్ బీడింగ్ నొక్కుకోవడం వల్లనే నీటిని ఆపుతుంది. ఆ నొక్కుడును చెడగొట్టే పని ఏది చేసినా అది లీకుకే దారి తీస్తుంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

నేను తెచ్చిన ఈ పాత బీడింగ్ ముక్కను ఒకరి తరువాత ఒకరు చూడండి. కోసిన వైపు చూస్తే ఇందులో రెండు భాగాలు కనిపిస్తాయి. ఒకటి, లోపల బోలుగా ఉన్న మెత్తని స్పాంజి రబ్బరు గొట్టం. రెండోది, దానికి ఆనుకుని ఉన్న గట్టి రబ్బరు పట్టు. బాడీ రేకులను కలిపి వెల్డింగ్ చేసిన అంచు ఈ పట్టులోకి దిగుతుంది, లోపల దాగి ఉన్న సన్నని లోహపు పట్టీ ఆ అంచును కరిచి పట్టుకుంటుంది, పట్టు లోపలి చిన్న చిన్న రబ్బరు నాలుకలు జారిపోకుండా ఆపుతాయి. తలుపు మూసినప్పుడు నలిగేది మెత్తని గొట్టమే. అది నలిగినంత మేరకు తిరిగి ఉబ్బాలని చూస్తుంది, ఆ ఉబ్బే ప్రయత్నమే తలుపు రేకుకు అదుముకుని నీటిని, దుమ్మును, గాలి హోరును బయట నిలుపుతుంది. గొట్టం మీద అక్కడక్కడా సూది బెజ్జాల వంటివి కనిపిస్తే అవి లోపం అనుకోకండి. తలుపు మూసేటప్పుడు గొట్టంలోని గాలి బయటకు పోవడానికి తయారీలోనే పెట్టినవి. మా కారుకు పూసిన సీలెంటు చేసిన హాని ఇక్కడే ఉంది: అది గొట్టాన్ని బాడీకి బిగించి కట్టేసి, బెజ్జాలను మూసేసి, నలగవలసిన దాన్ని నలగనివ్వకుండా చేసింది.

ఇప్పుడు కొంచెం రసాయనశాస్త్రం చెబుతాను. చెట్టు పాలనుంచి వచ్చే సహజ రబ్బరును గంధకంతో కలిపి వేడి చేస్తే అది ఎండకు జిగురుగా, చలికి పెళుసుగా మారకుండా నిలుస్తుందని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొన్నారు. అయినా సహజ రబ్బరు అణువుల పొడవాటి గొలుసు నిండా ద్విబంధాలు, అంటే కార్బన్ పరమాణువుల మధ్య జంట బంధాలు, ఉంటాయి. గాలిలోని ఓజోన్ వాటిని తెంచుతుంది, రబ్బరు సాగి ఉన్నచోట మరింత తొందరగా పగుళ్లు తెస్తుంది. అందుకే నేటి కార్ల బీడింగులకు ఎక్కువగా ఇథిలీన్, ప్రొపిలీన్‌లతో పాటు కొద్దిపాటి డైఈన్ కలిపి చేసిన ఈపీడీఎం రబ్బరు వాడతారు. దీని ప్రధాన గొలుసులో ద్విబంధాలు లేవు. గంధకంతో ముడిపడడానికి కావలసిన ద్విబంధం పక్క కొమ్మలో ఉంటుంది. కాబట్టి ఎండకు, వానకు, ఓజోన్‌కు అది బాగా తట్టుకుంటుంది. కానీ అది పూర్తిగా హైడ్రోకార్బన్ కాబట్టి, అదే జాతికి చెందిన పెట్రోలు, డీజిలు, ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు తగిలితే వాటిని పీల్చుకుని ఉబ్బి మెత్తబడి చెడిపోతుంది. తలుపు కిరకిరమంటున్నదని బీడింగ్‌కు ఇంజిన్ ఆయిల్ పూసే అలవాటు మనలో ఎవరికైనా ఉంటే, దయచేసి ఈ రోజుతో మానేయండి. పూయాలనిపిస్తే సిలికాన్ గ్రీజు పల్చగా పూయండి, అది ఈ రబ్బరుకు హాని చేయదు.

ఇంత మంచి రబ్బరు కూడా ఎందుకు అరుగుతుందంటే, మే నెల ఎండలో తలుపులన్నీ మూసి నిలిపిన కారులో అది వేడెక్కి, అదే సమయంలో నలిగి ఉంటుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే రబ్బరు గొలుసుల మధ్య గంధకం వేసిన ముడులు కొన్ని తెగి, నలిగిన ఆకారంలోనే కొత్తగా ముడిపడతాయి. అప్పుడు తలుపు తెరిచినా గొట్టం గుండ్రంగా లేవదు. మీ చేతిలో ఉన్న ముక్క ఒకవైపు చదునుగా ఉన్నది అందుకే. బొటనవేలితో నొక్కి వదలండి, తిరిగి లేవడానికి అది ఎంత బద్ధకిస్తుందో తెలుస్తుంది.

అయితే కార్పెట్ తడిసిన ప్రతిసారీ తప్పు బీడింగ్‌దే అనుకోవడం డబ్బు దండగ. నేను ఎక్కువ సమయం తీసుకుని చెప్పవలసింది ఈ సంగతే. కిటికీ అద్దం బయటి వైపున ఉండే పట్టీ నీటిని పూర్తిగా ఆపదు; కొంత నీరు తలుపు లోపలికి దిగడం సహజం, అది తలుపు అడుగు అంచున ఉన్న చిన్న రంధ్రాల గుండా బయటకు పోవాలి. ఆ రంధ్రాలు మట్టితో, ఆకుల పొడితో మూసుకుపోతే నీరు తలుపులోనే నిలుస్తుంది. తలుపు ఊపితే గలగల శబ్దం వినిపిస్తుంది, కొంతకాలానికి అడుగు రేకు తుప్పు పడుతుంది. అలాగే డోర్ ప్యాడ్, అంటే తలుపు లోపలి వైపు కవరు, వెనుక రేకుకు అంటించిన ప్లాస్టిక్ షీటు ఒకటి ఉంటుంది. స్పీకరు మార్చినప్పుడో, పవర్ విండో బాగు చేసినప్పుడో దాన్ని పీకి సరిగా అంటించకపోతే, తలుపులో దిగిన నీరు ప్యాడ్ కింద నుంచి గడప మీదకు, అక్కడి నుంచి కార్పెట్ కిందకు చేరుతుంది. చూసేవారికి అది అచ్చం బీడింగ్ లీకు లాగే ఉంటుంది. ముందు సీటు పాదాల దగ్గర మాత్రమే తడి ఉంటే, ఏసీ నీరు బయటకు పోయే గొట్టం మూసుకుపోయిందేమో కూడా చూడాలి.

బీడింగ్‌ను పరీక్షించడానికి ఇంట్లో ఉన్న వస్తువులే చాలు. వెడల్పాటి కాగితం ముక్కను బీడింగ్ మీద పెట్టి తలుపు మూసి మెల్లగా లాగండి. బిగువుగా వస్తే అక్కడ నొక్కుడు ఉంది, జారి వచ్చేస్తే లేదు. ఇలా అడుగుకొకచోట తలుపు చుట్టూ చేయండి. ఇంకా స్పష్టంగా కావాలంటే, బీడింగ్ అంతటా సుద్ద రాసి తలుపు ఒకసారి మూసి తెరవండి. తలుపు రేకు మీద సుద్ద గీత తెగకుండా పడాలి. గీత తెగినచోటే నీటి దారి. ఆ తరువాత నీటి పరీక్ష. లోపల టార్చిలైటుతో ఒకరు కూర్చోవాలి, బయట మరొకరు తోటకు పెట్టే గొట్టంతో సన్నని ధార పట్టాలి. వేగంగా చిమ్మే ప్రెషర్ గన్ వద్దు. ముందు గడప దగ్గర రెండు మూడు నిమిషాలు పట్టి, తరువాత మాత్రమే మెల్లగా పైకి వెళ్లాలి. పై నుంచి మొదలుపెడితే నీరు అన్నిచోట్లకూ జారి, ఎక్కడ దూరిందో తేలదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను రోజున వాన అడ్డంగా కొట్టడం చూసినవారికి, గాలివానలో నీరు పై నుంచి మాత్రమే రాదని వేరే చెప్పనక్కరలేదు. అందుకని ధారను పక్కల నుంచి కూడా పట్టండి.

తప్పు బీడింగ్‌దే అని తేలాక కొనడం. మీ కారు మోడల్‌కు, ఆ తలుపుకే చేసిన చుట్టు దొరికితే అదే కొనండి. మూలలు సరైన వంపుతో వస్తాయి. మీటర్ల లెక్కన కోసి అమ్మేది కొనవలసి వస్తే, పాత బీడింగ్ ముక్కను వెంట తీసుకువెళ్లి, గొట్టం లావును, పట్టు పట్టే రేకు మందాన్ని రెంటినీ పోల్చి చూడండి. లావు ఎక్కువైతే తలుపు పడదు, పడేలా బాదితే లాక్ మీద, కీళ్ల మీద భారం పడుతుంది. లావు తక్కువైతే పాత కథే.

పాతదాన్ని తీసే ముందు దాని అతుకు ఎక్కడ ఉందో ఫోటో తీసుకోండి. చాలావరకు అది అడుగున ఉంటుంది. గడప మీది ప్లాస్టిక్ పట్టీని ముందు విప్పాలి, ఎందుకంటే బీడింగ్ అంచు దాని కిందకో మీదకో వెళ్లి ఉంటుంది. తరువాత అడుగు నుంచి చేత్తో లాగితే వచ్చేస్తుంది. స్క్రూడ్రైవరుతో పెళ్లగిస్తే రంగు లేస్తుంది, ఈ సముద్రపు గాలికి అక్కడ నెల తిరగకుండా తుప్పు మొదలవుతుంది. పక్క కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉన్న కార్లలో పై అంచు వెంట ఉన్న లోపలి కప్పును, స్తంభాల మీది ప్లాస్టిక్ కవర్లను కదిలించకండి. ఆ బ్యాగు తెరుచుకునే దారి అదే. కొత్త బీడింగ్ పెదవి ఆ కవర్ల అంచును పాతది కప్పినట్లే కప్పాలి, అంతకంటే ఎక్కువ కాదు.

బయటపడిన రేకు అంచును సబ్బు నీటితో కడిగి, పూర్తిగా ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. మా కారుకు అడుగు మూలలో జానెడు మేర తుప్పు కనిపించింది. దాన్ని ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, ప్రైమరు, ఆపైన రంగు వేసి ఒక రోజు ఆరనిచ్చాను. మొదటి ఆదివారం అక్కడితో అయిపోయింది. ఆ రోజే బీడింగ్ ఎక్కించేయాలన్న ఆత్రాన్ని ఆపుకోవడం ఈ పనిలో అన్నిటికంటే కష్టం; కానీ తుప్పు మీద ఎక్కించిన బీడింగ్ తుప్పును దాచిపెట్టి పెంచుతుంది.

ఎక్కించేటప్పుడు గొట్టం బయటికి, అంటే తలుపు వైపు ఉండేలా చూసుకుని, చుట్టుగా వచ్చిన బీడింగ్ అయితే ముందు నాలుగు మూలలను కూర్చి, తరువాత వాటి మధ్య భాగాలను అరచేతితో దిగగొట్టాలి; చెయ్యి చాలనిచోట రబ్బరు సుత్తి వాడవచ్చు. పట్టు వదులుగా తోస్తే, ఎక్కించకముందే కటింగ్ ప్లయరుతో దాని నోటిని మెల్లగా కొంచెం దగ్గరకు నొక్కండి. ఎక్కడా లాగవద్దు. సాగదీసి వేసిన రబ్బరు కొన్ని రోజుల్లో తన పొడవుకు తాను తిరిగి వెళ్లాలని చూస్తుంది, మూలల్లో వంపును లోపలికి లాగేసి సుద్ద గీత తెగేలా చేస్తుంది, లేదా అతుకు దగ్గర నోరు తెరుస్తుంది. మీటర్ల లెక్కన కొన్నదైతే కావలసిన దానికంటే ఒక సెంటీమీటరు ఎక్కువ ఉంచి కోసి, రెండు కొసలను ఎదురెదురుగా నొక్కి చేర్చండి. అతుకు కూడా ఆ నొక్కుడు మీదే నిలుస్తుంది.

పని అయ్యాక తలుపు బరువుగా పడుతుంది. ఇది చూసి కొందరు కంగారుపడి వెంటనే లాక్ పడే స్ట్రైకరును కదిలిస్తారు. ఆగండి. రెండు మూడు రాత్రులు తలుపులు మూసి ఉంచితే కొత్త రబ్బరు తన చోటికి సర్దుకుంటుంది. అప్పటికీ కష్టంగా ఉంటే, స్ట్రైకరు చుట్టూ పెన్సిలుతో గీత గీసుకుని, వెంట్రుకవాసి బయటికి జరిపి, మళ్లీ కాగితం పరీక్ష చేయండి. తడిసిన కార్పెట్ సంగతి మరచిపోకండి. పైన ఆరినట్లు కనిపించినా కింద ఉన్న స్పాంజి నీటిని పట్టి ఉంచుతుంది. మా కారులో సీటు విప్పి, కార్పెట్ ఎత్తి, కింద ఫ్యాను పెడితే పూర్తిగా ఆరడానికి నాలుగు రోజులు పట్టింది. చాలా కార్లలో సీట్ల కింద వైర్ల జాయింట్లు ఉంటాయి కాబట్టి ఈ తడిని వదిలేయడం వాసనతో ఆగే వ్యవహారం కాదు.

మా కారు ముందు ఎడమ తలుపు బీడింగ్ కూడా అడుగు మూలలో కాగితాన్ని వదిలేస్తున్నది. దాన్ని ఈ రోజు కోసమే మార్చకుండా ఉంచాను. కారు కింద సెల్లారులో ఉంది, కొత్త చుట్టు, సుద్దముక్క, నీళ్ల గొట్టం సిద్ధంగా ఉన్నాయి. లోపల టార్చితో కూర్చోవడానికి ఒకరు, గొట్టం పట్టుకోవడానికి ఒకరు కావాలి. దయచేసి రండి.