సాయంత్రం తోటకూర, ఆఖరి రోజు టికెట్టు

శ్రోతలందరికీ నమస్కారం.

ఈమధ్య ఎవరింటికి వెళ్ళినా ఒక మాట వినిపిస్తోంది. "విమానం టికెట్టు నిన్న చూస్తే నాలుగు వేలు, ఇవాళ చూస్తే ఏడు వేలు, ఒక్క రాత్రిలో ఏమైపోయిందండీ?" అని. అడిగేవాళ్ళు పెద్ద వ్యాపారస్తులేం కాదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకుంటూ పండక్కి ఇంటికి రావాలనుకునే పిల్లలు, వాళ్ళ కోసం ఇక్కడ విజయనగరంలో, చీపురుపల్లిలో, ఆమదాలవలసలో, పలాసలో ఎదురుచూసే అమ్మానాన్నలు. ఒకప్పుడు మనకి విమానం అంటే తలెత్తి చూసేదే. ఇప్పుడు రైల్లో వెయిటింగ్ లిస్టు వందల్లో ఉండి, ప్రైవేటు బస్సు రేటు పండక్కి పెరిగిపోతే, సరే విమానం ఎంతుందో చూద్దాం అని మనమే ఫోన్ తీస్తున్నాం.

నాకున్న సమయం తక్కువ, అందుకని ఇంధనం, పన్నుల సంగతి గబగబా చెప్పేస్తాను. విమానంలో పోసే ఇంధనాన్ని ఏటీఎఫ్ అంటారు. దాని ధరని చమురు కంపెనీలు ప్రతి నెలా ఒకటో తారీఖున మారుస్తాయి, విమాన సంస్థలకి అన్నిటికన్నా పెద్ద ఖర్చుల్లో అదొకటి. అది ఇంకా జీఎస్టీలోకి రాలేదు, ఏ రాష్ట్రం పన్ను ఆ రాష్ట్రానిదే. విమానాల అద్దెలు డాలర్లలో కట్టాలి, కాబట్టి రూపాయి విలువ పడిపోతే ఆ భారమూ టికెట్టు మీదకే వస్తుంది. ఇవన్నీ నిజమే. కానీ పోయిన ఏడాది కన్నా ఈ ఏడాది ధర ఎందుకు ఎక్కువో చెప్పడానికి ఇవి పనికొస్తాయి గానీ, నిన్న నాలుగు వేలున్నది ఇవాళ ఏడు వేలు ఎందుకయిందో చెప్పవు. ఒకే విమానంలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరు మూడు వేలు, ఇంకొకరు తొమ్మిది వేలు ఎందుకు కట్టారో అసలే చెప్పవు.

ఈ ప్రశ్న నాకు సరిగ్గా అర్థమయింది మా అమ్మ వల్ల. మా విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఆకుకూరలు అమ్మే ఒక ముసలావిడ ఉంది. పొద్దున్న పది రూపాయలకి ఒక తోటకూర కట్ట ఇచ్చే మనిషి, చీకటి పడ్డాక అదే పదికి రెండు కట్టలు చేతిలో పెడుతుంది. రేపటికి అవి వాడిపోతాయి మరి. మా అమ్మ ఆ లెక్కతోనే అడిగింది: "ఏటే, సీటు కూడా తోటకూర లాటిదే కదా? ఇమానం ఎగిరిపోయాక ఖాళీ సీటు ఏటి సేసుకుంటారు? ఆఖర్న సగానికి ఇచ్చీవచ్చు కదా?"

చాలా మంచి ప్రశ్న. విమానం కదిలిన క్షణంలో ఖాళీ సీటు విలువ సున్నా. తోటకూరకైనా రేపు పొద్దుట ఆవు తింటుందన్న ఆశ ఉంటుంది, సీటుకి అదీ లేదు. మరి వాడిపోయే సరుకు ఆఖర్లో చవకవ్వాలి గానీ ఇంకా ఎక్కువ ధర పలకడం ఏమిటి?

జవాబు సరుకులో లేదు, కొనే మనిషిలో ఉంది. చీకటి పడ్డాక తోటకూరకి వెళ్ళేది ఎవరు? దొరికితే సరే, దొరక్కపోతే పప్పుచారు పెట్టుకుందాం అనుకునేవాళ్ళు. విమానానికి ముందు రోజు టికెట్టు కొనేది ఎవరు? ఇంటర్వ్యూ కబురు ఇవాళే అందినవాళ్ళు, ఆఫీసు పని మీద రేపే వెళ్ళి తీరాల్సినవాళ్ళు, ఇంటి నుంచి "నాన్నని ఆసుపత్రిలో చేర్చాం" అని ఫోన్ వచ్చినవాళ్ళు. బజారుకి ఆఖర్న వచ్చే మనిషికి తొందర లేదు. విమానానికి ఆఖర్న వచ్చే మనిషికి తొందర తప్ప ఇంకేం లేదు. సంస్థలకి ఈ సంగతి తెలుసు. అందుకే కొన్ని సీట్లు కావాలని ఆఖరి దాకా దాచిపెడతాయి.

ఎన్ని దాచాలి? దీనికొక లెక్క ఉంది. 1972లో బ్రిటన్‌లో బీఓఏసీ అనే విమాన సంస్థలో పనిచేసే లిటిల్‌వుడ్ అనే ఆయన ఆ లెక్క కట్టాడు. పేరు గుర్తుండక్కర్లేదు, లెక్క మాత్రం వినండి, ఎంత సులువో. ఒక సీటు మిగిలింది అనుకోండి. ఇప్పుడు ఒకరు వచ్చి మూడు వేలు ఇస్తామన్నారు. ఆగితే తొమ్మిది వేలు ఇచ్చేవాళ్ళు రావచ్చు, రాకపోనూ వచ్చు. మూడు వేలంటే తొమ్మిదిలో మూడో వంతు. కాబట్టి తొమ్మిది వేల మనిషి వచ్చే అవకాశం మూడింట ఒక వంతు కన్నా ఎక్కువ ఉంటే సీటు ఆపాలి, తక్కువ ఉంటే ఇప్పుడే అమ్మేయాలి. అంతే. అంటే మూడుసార్లు ఆపితే ఒక్కసారైనా తొమ్మిది వేల మనిషి దొరికితే చాలు, మిగతా రెండుసార్లు సీటు ఖాళీగా పోయినా నష్టం లేదు. మనం "ఖాళీగా వెళ్తోంది కదా" అని బాధపడే సీటు వెనక ఈ లెక్క ఉంది.

ఆ తర్వాత అమెరికాలో 1978లో ధరల మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు, పెద్ద సంస్థలు ఈ లెక్కని కంప్యూటర్లకి అప్పగించాయి. మన దేశంలో 1994లో పాత చట్టం రద్దయి ప్రైవేటు సంస్థలకి దారి తెరుచుకుంది, ఇప్పుడు మామూలు రోజుల్లో ధర పెట్టేది సంస్థలే.

కంప్యూటర్ చేసేదేమిటంటే, 180 సీట్లున్న విమానం ఉంటే, ఆ సీట్లని మెట్లు మెట్లుగా విడదీస్తుంది. కిందిమెట్టు మీద కొన్ని టికెట్లు, అన్నిటికన్నా చవక. అవి అయిపోతే ఆ మెట్టు మూసేసి పై మెట్టు తెరుస్తుంది. కూర్చునే కుర్చీ ఒకటే, ఇచ్చే మంచినీళ్ళు ఒకటే, మెట్టు మాత్రం వేరు. నిన్న నాలుగు వేలున్నది ఇవాళ ఏడు వేలయిందంటే, రాత్రి ఎవరో ఆ కిందిమెట్టు మీద మిగిలిన టికెట్లు కొనేశారన్నమాట, లేదా టికెట్లు అనుకున్నదాని కన్నా జోరుగా అమ్ముడవుతున్నాయని కంప్యూటర్ చూసి కిందిమెట్టుని మూసేసిందన్నమాట. జోరు తగ్గితే మళ్ళీ తెరుస్తుంది, అందుకే ఒక్కోసారి ధర తగ్గుతుంది కూడా. రైళ్ళలో కూడా రాజధాని, శతాబ్ది, దురంతోలకి 2016 సెప్టెంబరులో ఇలాంటిదే పెట్టారు, పది శాతం బెర్తులు నిండేకొద్దీ ధర పది శాతం పెరుగుతుంది. కానీ అక్కడ రూలు బయటికి చెప్పారు, ఒకటిన్నర రెట్లు దాటదని హద్దూ పెట్టారు. విమానంలో ఏ మెట్టు మీద ఎన్ని సీట్లున్నాయో మనకి కనిపించదు. నాకు నచ్చనిది ఇదే. ధర పెంచుకోండి, కానీ కిందిమెట్టు మీద ఎన్ని మిగిలాయో ప్రతిసారీ చూపించండి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న సంగతి.

మా తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు. తను, మరదలు, ఇద్దరు పిల్లలు. మాకు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అంటే సంక్రాంతి కన్నా పెద్ద పండగ, దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం ఊరంతా రోడ్ల మీదే ఉంటుంది, వాడు ఎక్కడున్నా ఆ రోజుకి ఇంటికి రావాలి. పోయినసారి ఒక ఆదివారం రాత్రి ఫోన్ చేశాడు. "అప్పా, రైలు లేదు. విమానం చూస్తే తలకి అయిదు వేల ఎనిమిది వందలు చూపిస్తోంది. పిల్లలకీ పూర్తి టికెట్టే. నలుగురికి ఇరవై మూడు వేలు దాటిపోతోంది, ఈసారి రాలేమేమో." అమ్మ పక్కనే కూర్చుని వింటోంది. ఆవిడ ఏమీ అనలేదు, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మా వీధిలోనే టికెట్లు బుక్ చేసే ఆఫీసులో పనిచేసే కుర్రాడు ఒకడున్నాడు. వాడిని అడిగాను. వాడు ఒకే మాట అన్నాడు: "నలుగురికి వెతక్కండి అమ్మా, ఒక్కరికి వెతకండి." తమ్ముడు ఫోన్‌లో ఉండగానే వెతికాం. ఒక్కరికి అని కొడితే నాలుగు వేల వంద. అదే విమానం, అదే రోజు. ఇద్దరికి అని కొడితే తలకి నాలుగు వేల వంద. ముగ్గురికి అని కొట్టగానే తలకి అయిదు వేల ఎనిమిది వందలు! నలుగురికీ అంతే.

ఏం జరిగిందో చూడండి. కిందిమెట్టు మీద రెండే టికెట్లు మిగిలాయి. మనం నాలుగు కావాలని అడిగాం. నాలుగూ ఒకే మెట్టు మీద దొరికేది ఎక్కడా అని కంప్యూటర్ వెతికింది, కిందిమెట్టు మీద లేవు, పై మెట్టు మీద ఉన్నాయి, నాలుగింటికీ పై మెట్టు ధరే వేసేసింది. రెండు చవగ్గా ఉన్నాయి, తీసుకుంటారా అని అడగదు. మేము ముందు రెండు తీసుకున్నాం, వెంటనే ఇంకో రెండు తీసుకున్నాం. ఎనిమిది వేల రెండు వందలు, పదకొండు వేల ఆరు వందలు, మొత్తం పంతొమ్మిది వేల ఎనిమిది వందలు. మూడు వేల నాలుగు వందలు మిగిలాయి. పిల్లలు సిరిమాను చూశారు.

కాబట్టి కుటుంబంతో వెళ్ళేవాళ్ళు ఒక్క విషయం గుర్తు పెట్టుకోండి, నలుగురికి వెతికే ముందు ఒక్కరికి వెతకండి. ఆ తర్వాత ఇద్దరికి, ముగ్గురికి. ధర ఎక్కడ ఎగిరిందో చూడండి, అక్కడే విడగొట్టండి. విడగొట్టేటప్పుడు పెద్దవాళ్ళలో ఒకరు, పిల్లల్లో ఒకరు చొప్పున ఒక్కో టికెట్టు మీద ఉండేలా చూసుకోండి, పిల్లలిద్దరినీ ఒకే టికెట్టు మీద వేరుగా పెట్టకండి. పేర్లు, పుట్టిన తేదీలు ముందే కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి, ఎందుకంటే మొదటి రెండూ కొని రెండోసారి వెతికేలోపు ధర మారొచ్చు. పీఎన్‌ఆర్ నంబర్లు రెండవుతాయి, విమానం సమయం మారినా, రద్దయినా రెండిటినీ చూసుకోవాలి. బుకింగ్ రుసుము రెండుసార్లు పడుతుందేమో అది కూడా లెక్కలో వేసుకోండి. రెండు మూడు వందలే తేడా ఉంటే ఇంత శ్రమ అక్కర్లేదు, నలుగురికీ కలిపే తీసుకోండి.

ఇంకొక విషయం చెప్పకుండా ఉండలేను. మా బంధువుల ఊరు టెక్కలి వైపు. అక్కడి కుర్రాడొకడు హైదరాబాద్‌లో టైల్స్ పని చేస్తాడు. అర్ధరాత్రి వాళ్ళ నాన్న పోయాడని కబురొచ్చింది. పొద్దున్న విమానం పదమూడు వేలు చూపించింది. వాడి దగ్గర లేవు. రైల్లో జనరల్ బోగీలో నిలబడి వచ్చాడు, వచ్చేసరికి దహనం అయిపోయింది. లిటిల్‌వుడ్ లెక్కలో ఆ కుర్రాడు "ఎక్కువ ధర ఇవ్వగల ఆఖరి మనిషి". లెక్క తప్పు కాదు, కానీ ఆ లెక్కకి ఆఫీసు పని మీద వెళ్ళే మనిషికీ, తండ్రికి కొరివి పెట్టడానికి వెళ్ళే మనిషికీ తేడా తెలియదు. అమెరికా, కెనడాల్లో కొన్ని సంస్థలు దగ్గరివాళ్ళు పోయినప్పుడు వేరే ధరకి టికెట్టు ఇస్తాయి. మన దగ్గర కూడా ప్రతి విమానంలో రెండు సీట్లయినా అలా ఉంచాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ప్రభుత్వం ధరకి హద్దు పెట్టలేదా అంటే, పెట్టిన రోజులున్నాయి. కరోనా తర్వాత 2020 మే నుంచి 2022 ఆగస్టు దాకా కింద ఒక హద్దు, పైన ఒక హద్దు ఉండేవి. మళ్ళీ 2025 డిసెంబరులో ఒక్కసారిగా వందల విమానాలు రద్దయినప్పుడు, 500 కిలోమీటర్ల లోపు దూరానికి 7,500 రూపాయలు, వెయ్యి కిలోమీటర్ల దాకా 12,000 మించకూడదన్నారు, పన్నులూ రుసుములూ కాక. ఎప్పుడూ అలా ఉంచేస్తే బాగుండదా అని చాలామంది అంటారు. నా మటుకు నాకు భయం ఏమిటంటే, పై మెట్లు కొట్టేస్తే ఆ డబ్బు కిందిమెట్ల మీద రాబడతారు, ముందే కొనుక్కునే మా తమ్ముడి లాంటివాళ్ళకి చవక టికెట్టు పోతుంది. విమానాలు పెరగడమే దీనికి మందు. విశాఖ విమానాశ్రయం నేవీది, పౌర విమానాలకి అక్కడ సమయాలు పరిమితం. మన భోగాపురంలో కట్టిన కొత్త విమానాశ్రయంలో 2026 జనవరిలో మొదటి పరీక్ష విమానం దిగింది. విమానయాన శాఖకి మన రెండు జిల్లాల నుంచీ మంత్రులయ్యారు, 2014 నుంచి 2018 దాకా విజయనగరం ఎంపీ అశోక్ గజపతిరాజు గారు, 2024 నుంచి శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు. గంట ప్రయాణం 2,500 రూపాయలకే అన్న ఉడాన్ పథకం అశోక్ గారి హయాంలోనే వచ్చింది. అందుకే మనవాళ్ళు కాస్త ఎక్కువ ఆశ పెట్టుకోవడంలో తప్పులేదు.

మా తమ్ముడు మొన్న మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి నన్నడగలేదు, తనే ఒక్కరికి వెతికాడట, ఇద్దరికి వెతికాడట, ముగ్గురి దగ్గర ధర ఎగిరిందట. రెండూ రెండూ తీసేశాడు. అమ్మ ఫోన్ లాక్కుని "ఏ వేళకి దిగుతారు బాబూ?" అని మూడుసార్లు అడిగింది. ఆదివారం రాత్రి ఎనిమిదింటికి దిగుతారు. ఆ పూటకి తోటకూర పప్పు చేయమని ఇప్పటికే చెప్పింది, అది కూడా పొద్దుటే కొనాలట.

సెలవు. నమస్కారం.