నిశాని పెట్టే అవ్వలకు

(ఏప్రిల్ 23, బడి ఆఖరి పనిదినం నాడు నారాయణపేట జిల్లాలోని ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయురాలి ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న సర్పంచ్ గారికి, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ చైర్‌పర్సన్ అక్కకు, మా కాంప్లెక్స్ హెడ్మాస్టర్ సారుకు, వార్డు సభ్యులకు, మహిళా సంఘాల అక్కలకు, యువజన సంఘం తమ్ముళ్ళకు, నా తోటి టీచర్లకు, అంగన్‌వాడీ టీచరమ్మకు, వేపచెట్టు కింద నిలబడ్డ అన్నలకు, ముందు పట్టాల మీద కూర్చున్న నా పిల్లలకు, అందరికీ పేరుపేరునా నమస్కారం. ఎండ గట్టిగా ఉంది. గోడ నీడ జరిగేకొద్దీ మీరూ జరగండి, నేనేమీ అనుకోను.

ముందు చెప్పాల్సిన కృతజ్ఞతలు చెప్పేస్తాను. బోరు మోటరు కాలిపోయిన వారం రోజులూ అడక్కముందే ట్యాంకరు పంపించిన సర్పంచ్ గారికి ధన్యవాదాలు. 2024 ఎండాకాలంలో కమిటీ అక్కలు దగ్గరుండి మరుగుదొడ్లు బాగు చేయించారు. ఆ తలుపుల గడియలు ఇప్పటికీ సరిగ్గా పడుతున్నాయి. ఆడపిల్లలున్న బడికి అదెంత పెద్ద సంగతో ఇక్కడున్న ఆడవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

వంట చేసే మా ఇద్దరు అక్కలు ముందుకు రమ్మంటే రారు, పొయ్యి దగ్గరే నిలబడ్డారు. అక్కడినుంచే వినండి అక్కా. ప్రైమరీ పిల్లకు ఒక పూటకు పప్పు, నూనె, కూరగాయలు, కట్టెలు అన్నిటికీ కలిపి వచ్చేది ఆరు రూపాయల చిల్లర. అది కూడా నెల తిరగ్గానే రాదు. బిల్లు ఎక్కడ ఆగిందని నేను అడగబోతే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసును చూపించింది. ఆ ఆఫీసు మళ్ళీ మొదటి ఆఫీసునే చూపించింది. ఈ అక్కలు మాత్రం కిరాణా దుకాణంలో తమ పేరు మీద ఖాతా పెట్టి మన పిల్లల కంచంలో పప్పు వేశారు. చలికాలంలో గుడ్డు ధర పెరిగినప్పుడు కూడా బడిలో గుడ్డు ఆగలేదు. ఆ ఖాతాలో ఇంకా ఎంత బాకీ ఉందో నాకు తెలుసు. ఊరివాళ్ళకూ తెలియాలని చెబుతున్నాను. చేతులు ఊరికే ఒళ్ళో పెట్టుకోకండి, ఆ అక్కల కోసం ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి.

ఇక్కడిదాకా కాగితం మీద రాసుకొచ్చిందే చదివాను. ఇంకా రెండు పేజీలుంది, అదంతా వార్షిక నివేదిక. ఎవరికి ఏ గ్రేడు, చదవడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమంలో ఎంతమంది ధారాళంగా చదువుతున్నారు, ఎంతమందికి తీసివేతలు వచ్చాయి, ఇవన్నీ. దాన్ని నోటీసు బోర్డుకు అంటిస్తాను, చదువుకోండి. నాకిచ్చిన సమయం మాత్రం నేను అవ్వలకు ఇస్తాను. వెనకాల గోడకు ఆనుకుని కూర్చున్నారు చూడండి, వాళ్ళకు.

మన ఊరి సంగతి మనకు తెలియనిది కాదు. దసరాకే మేస్త్రీలు వస్తారు, జంటకు ఇంత అని అడ్వాన్స్ చేతిలో పెడతారు. దీపావళి అయిన వారానికి సగం ఇళ్ళకు తాళాలు పడతాయి. కొందరు చెరకు కోతకు మహారాష్ట్ర, కర్ణాటక పోతారు. కొందరు కట్టడం పనికి ముంబై, పుణె, హైదరాబాద్ పోతారు. నేను ఎవర్నీ తప్పుపట్టడం లేదు. రెండెకరాల చెలకలో కంది ఎండిపోతే, అప్పు నెత్తిమీద కూర్చుంటే, ఎవరు మాత్రం ఏం చేస్తారు? నా బాధ పిల్లల గురించే. అమ్మ చెరకు కొట్టబోతే గుడిసె దగ్గర చంటిదాన్ని చూసేదెవరు? ఎనిమిదేళ్ళ అక్క. ఆ అక్క పేరు మన బడి రిజిస్టర్‌లో ఉంటుంది, ఆ అక్క మాత్రం చెరకు తోటలో ఉంటుంది.

ఈ ఏడాది అట్లా పోయిన పిల్లలు నలుగురే. నేను ఈ బడికి వచ్చిన మొదటి ఏడాది రెండు బెంచీల పిల్లలు ఒక్క రాత్రిలో ఖాళీ అయ్యారు. ఇప్పుడు నలుగురు. ఆ తేడా నా వల్ల వచ్చిందని సారు ఇందాక మాట్లాడుతూ అన్నారు. సారు పెద్దమనసుతో అన్నారు, కాని నా మనసు ఒప్పుకోదు. నేను నాలుగింటికి బస్సెక్కి పోతాను. సాయంత్రం నాలుగు నుంచి తెల్లారి తొమ్మిది దాకా ఆ పిల్లలకు అన్నం పెట్టి, జ్వరమొస్తే ఒళ్ళు తుడిచి, అమ్మ కావాలని ఏడిస్తే ఎత్తుకున్నది అవ్వలు. బడిని నిలబెట్టిందీ వాళ్ళే.

వాళ్ళలో ఒకవ్వ సంగతి చెబుతాను. పేరు చెప్తే ఆమె లేచి వెళ్ళిపోతుంది, చెప్పను. ఒక్క అర్ర ఇల్లు, ముగ్గురు మనుమలు. చిన్నవాడు ఒకటో తరగతి. అమ్మానాన్నలు పోయిన మొదటి వారం వాడు అర్ధరాత్రి లేచి బస్టాండు దిక్కు ఉరికేవాడు. అవ్వకు చూపు ఆనదు, వాణ్ణి చీకట్లో వెతకలేదు. అందుకని పడుకునేటప్పుడు తన కొంగు చివరను వాడి మణికట్టుకు ముడేసుకున్నది. వాడు కదిలితే కొంగు లాగుతుంది, ఆమెకు మెలకువ వస్తుంది. అట్లా ఒక నెల పడుకున్నదట. నాకు ఎవరూ చెప్పలేదు. ఒకరోజు పలక మీద రాస్తున్న వాడి చెయ్యి పట్టుకుంటే మణికట్టు మీద చీరె అంచు అచ్చు కనిపించింది. ఏందిరా ఇది అంటే, మా అవ్వ ముడి అన్నాడు.

ఇంకో సంగతి. రెండో తరగతి పాప. వాళ్ళమ్మ రోజూ మధ్యాహ్నం బువ్వ తినే వేళకు చెరకు తోటలోంచి ఫోన్ చేస్తుంది. వాళ్ళ అవ్వ ఆ ఫోను పట్టుకుని బడికి వస్తుంది, ఎందుకంటే అమ్మకు పాప చదువుతుంటే వినాలని ఉంటుంది. ఫిబ్రవరిలో ఒకరోజు ఆ పాప ఫోను ముందు పెట్టుకుని ఒక పాఠం మొదటినుంచి చివరిదాకా ఆగకుండా చదివింది. అవతల గాలికి చెరకు ఆకు గలగలమనడం నాకు వినిపిస్తున్నది. అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. పాఠం అయిపోయాక, "ఇంకోపారి సదువు బిడ్డా, ఈపారి నాన్న ఇంటడు" అన్నది. పాప మళ్ళీ చదివింది. అవ్వ నా టేబుల్ పక్కన నిలబడి, తనే చదివినట్టు పెదాలు కదిలిస్తున్నది.

నాకెందుకు ఇంత పట్టింపు అని కొందరు అడుగుతారు. చెబుతాను. ఇన్నేళ్ళలో ఏ సభలోనూ చెప్పలేదు, ఈరోజు చెబుతాను.

మా అమ్మానాన్నలు బొంబాయి పోయేవాళ్ళు. నన్ను ఎప్పుడూ అవ్వ దగ్గర వదిలిపోయేవాళ్ళు. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు అవ్వకు జరం పట్టి మంచం దిగలేదు. ఆ ఏడు నన్నూ తీసుకుపోయారు. కడుతున్న బిల్డింగు పక్కనే గోనెపట్టాల గుడిసె. మా అమ్మ తట్ట మోస్తే నేను తమ్ముణ్ణి మోసేదాన్ని. 1984 ఉగాదికి తిరిగొచ్చాం. వచ్చిన మర్నాడే సంచి వేసుకుని బడికి పోయి నా జాగాలో నేను కూర్చున్నాను. సారు హాజరు పిలుస్తున్నారు. నా ముందరి పేరు పిలిచారు, నా తర్వాతి పేరు పిలిచారు. నేను లేచి, "నా పేరు పిల్వలే సారూ" అన్నాను. ఆయన రిజిస్టర్ నా దిక్కు తిప్పారు. నా పేరు మీద ఎర్ర సిరా గీత. నాలుగు నెలలు రాలేదు, పేరు కొట్టేశాం, జూన్‌లో రా అన్నారు. అందరి ముందూ సంచి తీసుకుని బయటికొచ్చాను. ఆ గీత ఇప్పటికీ నా కళ్ళకు కడుతుంది. స్కేలు పెట్టి గీసిన గీత అది, కొంచెం కూడా వంకర లేదు.

మా అవ్వ కట్టె పట్టుకుని బడికి వచ్చింది. గడప దాటలేదు, అరుగు మీదే కూర్చుని అడిగింది. "కొట్టేస్తే పేరు పోతది గాని, పిల్ల ఏడికి పోతది సారూ? గిదో, నా పక్కన్నే ఉన్నది."

ఆ సారు చెడ్డ మనిషి కాదు. రూలు ఉంది, చూపించారు. మా అవ్వ మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత రోజు కూడా వచ్చింది. అరుగు మీద కూర్చుని నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. లోపల పిల్లలు ఎక్కాలు చదివితే బయట నేనూ చదివేదాన్ని. పన్నెండో ఎక్కం నేను ఆ అరుగు మీదే నేర్చుకున్నాను. అయినా ఆ ఏడాది పోయింది. జూన్‌లో మళ్ళీ మూడో తరగతిలోనే కూర్చున్నాను, నా దోస్తులంతా పక్క గదిలో.

చదువు హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఏడాదిలో ఎప్పుడొచ్చినా సరే పిల్లను బడిలో చేర్చుకోను అనడానికి వీల్లేదని అందులో రాసి ఉంది. వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలనీ ఉంది. ట్రైనింగులో ఆ కాగితం చదివిన రోజు నేను గదిలోంచి బయటికి పోయి ఏడ్చాను. మా అవ్వ ఇరవై ఆరేళ్ళ ముందు అరుగు మీద కూర్చుని అడిగింది ఇదే కదా! అప్పటికి ఆమె లేదు.

నా పోస్టు పేరు మీలో ఎంతమందికి తెలుసు? ఎల్ఎఫ్ఎల్ హెడ్మాస్టర్. ఎల్ఎఫ్ఎల్ అంటే లో ఫిమేల్ లిటరసీ. ఆడవాళ్ళ చదువు బాగా వెనకబడిన చోట్ల కోసం పెట్టిన పోస్టు. 2011 జనాభా లెక్కల్లో, అప్పుడు మనమున్న మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. అప్పటి ఉమ్మడి రాష్ట్రం మొత్తంలో అన్నిటికన్నా అడుగున మనమే. ఆడవాళ్ళ లెక్క అంతకన్నా కిందికి ఉండింది. ఆ లెక్కలో చదువురానివాళ్ళ కింద ఎవరిని రాసుకున్నారు? వెనక కూర్చున్న ఈ అవ్వలనే. ప్రతి నెలా నా జీతం కాగితం మీద ఆ పోస్టు పేరు చూసినప్పుడల్లా నాకు వీళ్ళే గుర్తుకొస్తారు. అక్షరం రాదని సర్కారు రాసుకున్న ఈ ఆడవాళ్ళే మీ పిల్లల అక్షరం పోకుండా కాపాడారు. ఇది నేను పొగడ్తకు అనడం లేదు, మా హాజరు పట్టీ చూస్తే తెలుస్తుంది.

అన్నలూ, తమ్ముళ్ళూ, మీరు మొన్న ఉగాదికే తిరిగొచ్చారు. ఎండల్లో ఇంటి పట్టున ఉంటారు. అందుకే ఇప్పుడే అడుగుతున్నాను. రేపు దసరాకు మేస్త్రీ వచ్చినప్పుడు, అడ్వాన్స్ ముట్టకముందే పిల్ల ఎక్కడ ఉంటుందో తేల్చుకోండి. అవ్వ ఉంటే అవ్వ దగ్గర వదిలి, ఆమె చేతిలో నాలుగు రూపాయలు, ఇంట్లో బియ్యం పెట్టి పోండి. అవ్వ లేకపోతే నాకు చెప్పి పోండి. వలస పోయేవాళ్ళ పిల్లల కోసం సీజనల్ హాస్టల్ పెట్టమని ఒక ఆఫీసు చుట్టూ మూడేళ్ళు తిరిగాను. పిల్లల సంఖ్య చాలదన్నారు. చాలని సంఖ్య అంటే ఏమిటి? ఆ నలుగురు చాలరా? మళ్ళీ పోతాను, ఈసారి మీరూ నాతో రండి. హాస్టల్ వచ్చినా రాకున్నా మన వాడకట్టు ఉంది. నిరుడు ఒక అక్క తన చుట్టాలు కూడా కాని ఇద్దరు పిల్లల్ని నాలుగు నెలలు ఇంట్లో పెట్టుకుంది. ఆ అక్క ఇక్కడే ఉంది. అక్కా, నీకు దండం.

ఆ నలుగురి పేర్లు మా రిజిస్టర్‌లో అట్లనే ఉన్నాయి. పక్కన పెన్సిల్‌తో వాళ్ళ నాన్న ఫోన్ నంబరు, ఏ ఊళ్ళో ఉన్నారో రాసిపెట్టాను. నా సర్వీసులో ఏ పిల్ల పేరు మీదా ఎర్ర గీత గీయలేదు. ఇద్దరు తిరిగొచ్చారు. మర్నాడే వాళ్ళ జాగాలో కూర్చున్నారు, హాజరు పిలిస్తే పలికారు. ఇంకో ఇద్దరు రావాలి.

ఐదో తరగతి పిల్లలూ, మీకు నిన్ననే అన్నీ చెప్పాను, మళ్ళీ ఏడిపించను. మీ అమ్మానాన్నలకు ఒక్క మాట. ఆడపిల్లను ఆరో తరగతికి హైస్కూలుకు పంపినా సరే, కస్తూర్బాలో వేసినా సరే, గురుకులం సీటు వస్తే అక్కడికైనా సరే. వానాకాలంలో సీడు పత్తిలో క్రాసింగు, అంటే పూలకు చేత్తో పుప్పొడి అంటించే పని చేస్తుంది, చిన్న వేళ్ళు పనికొస్తాయి అని ఎవరైనా గద్వాల దిక్కు పంపమంటే ఒప్పుకోవద్దు. జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ పొద్దున నేను రచ్చకట్ట దగ్గర ఉంటాను. మన ఐదో తరగతి పిల్లలందరినీ తీసుకుని నేనే హైస్కూలు దాకా నడుస్తాను. ఎవరి ఇంటి నుంచి పిల్ల రాకపోతే ఆ ఇంటికి మొదట పోతాను.

చాలా సేపు మాట్లాడాను. సారు గడియారం చూసుకుంటున్నారు, ఆయనకు బస్సు ఉంది. ప్రోగ్రెస్ కార్డులు ఇద్దాం. ప్రతి ఏడూ తండ్రుల పేర్లు పిలుస్తాం. ఈసారి ఏడాదంతా పిల్లను ఎవరు చూసుకున్నారో వాళ్ళను పిలుస్తాం, వాళ్ళే వచ్చి తీసుకోవాలి. సంతకం రానివాళ్ళు నిశాని పెట్టండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. మా అవ్వ కూడా నా కార్డు మీద వేలిముద్ర వేసి, ఆ సిరా తలకు తుడుచుకునేది. రెండు రోజులు ఆ తెల్ల వెంట్రుకల మీద నీలం మరక కనబడేది.

టీచరమ్మా, స్టాంపు ప్యాడు తడిపి పెట్టినారా? ఇటు ఇయ్యండి. గోడ పక్కన కూర్చున్నావు చూడు అవ్వా, నిన్నే. నువ్వే మొదలు. చిన్నోడా, అవ్వ చెయ్యి పట్టుకుని తీసుకురా. మెల్లగా, అక్కడ మెట్టు ఉంది.