రెండు లక్షల్లో యాక్సిళ్లు, కమాన్లు: బావ, బామ్మర్దుల ముచ్చట

బామ్మర్ది: రికార్డింగ్ కోసం ఫ్యాన్ ఆపేశాను బావా, ఇక ఓర్చుకోవాలి. అందరికీ నమస్కారం.

బావ: ఈ రోజు ఎవరి ప్రశ్న?

బామ్మర్ది: హన్మకొండ నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. 1998 మారుతి జిప్సీ కొన్నాడట, 1300 సీసీది. రోజూ దాని మీదే ఆఫీసుకు పోతాడు. ఇంజన్ బాగుంది, అడుగు భాగమే అరిగిపోయింది. యాక్సిళ్లకు, అంటే చక్రాల ఇరుసులకు, సస్పెన్షన్‌కు కలిపి రెండు లక్షలు పెట్టగలడు. ఉన్న యాక్సిళ్లే ఉంచుకోవాలా, పాత మహీంద్రా జీప్ యాక్సిళ్లు ఎక్కించాలా, బండిని ఎంత లిఫ్ట్ చేయాలి, అంటే ఎంత ఎత్తు పెంచాలి అని అడుగుతున్నాడు.

బావ: కాంటా వేయించాడా?

బామ్మర్ది: నీ మొదటి మాట అదే అని నాకు తెలుసు.

బావ: మరి అదే కదా మొదటి మాట. కమాన్ కట్ట, అంటే ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగ్, అన్నది బరువు మోయడానికి. ఎంత బరువో తెలియకుండా ఎన్ని పట్టీలు కావాలో ఎట్లా చెబుతాం? సాఫ్ట్ టాప్ జిప్సీ కంపెనీ నుంచి వచ్చినప్పుడు 985 కిలోలు. ఇప్పుడు ఆ తమ్ముడి బండికి ముందు ఇనుప బంపర్ ఉందేమో, ఇరుక్కున్న బండిని లాగే విన్చ్ ఉందేమో, వెనక బోల్తా పడితే కాపాడే ఇనుప కేజ్ ఉందేమో. లారీలు తూచే కాంటా మీదకు ముందు చక్రాలు మాత్రం ఎక్కించి ఒక చీటీ తీసుకో, బండి మొత్తం ఎక్కించి ఇంకో చీటీ తీసుకో. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే వెనక బరువు. టీ తాగే లోపు అయిపోయే పని.

బామ్మర్ది: తమ్ముడూ, రాసుకో. ఇక లిఫ్ట్ సంగతి. నన్నడిగితే స్ప్రింగ్ ఓవర్ చేయించమంటాను. జిప్సీలో కమాన్ కట్ట యాక్సిల్ గొట్టం కింద ఉంటుంది. దాన్ని గొట్టం పైకి మార్చితే కొత్త కమాన్లు కొనకుండానే బండి దాదాపు ఐదు అంగుళాలు లేస్తుంది. తక్కువ ఖర్చులో ఇంతకంటే ఏముంది?

బావ: లేచి ఏం చేస్తుంది?

బామ్మర్ది: అంటే?

బావ: రాచకొండ గుట్టల్లో రాతి గుండ్ల మీద మన బండి ఎక్కడ తగులుతుంది? యాక్సిల్ మధ్యలో గేర్లు ఉండే డిఫరెన్షియల్ గుండు దగ్గర. కమాన్ పైన పెట్టినా కింద పెట్టినా ఆ గుండు నేలకు అంతే ఎత్తులో ఉంటుంది. అది లేవాలంటే టైరే పెరగాలి, అది కూడా పెరిగిన దాంట్లో సగమే. 215/75 ఆర్15 టైరు ఎత్తు 27.7 అంగుళాలు, 235/75 అయితే 28.9. గుండు కింద మనకు దక్కేది అర అంగుళం పైన కొంచెం.

బామ్మర్ది: గుండు ఒక్కటే కాదు కదా బావా. కమాన్‌ను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు, వాటి కింద ప్లేటు, ఇప్పుడు అవన్నీ యాక్సిల్ కంటే కిందికి వేలాడుతున్నాయి. రాచకొండలో నీ బండి పది నిమిషాలు కదలకుండా పట్టుకున్నది ఆ ప్లేటే. స్ప్రింగ్ ఓవర్ చేస్తే అవి రాయికి దొరకవు. ఛాసిస్ పొట్ట లేస్తుంది, గట్టు దాటేటప్పుడు మధ్యలో కూర్చోదు. కమాన్ వంపు పెంచకుండా ఎత్తు వస్తుంది కాబట్టి మెత్తగా ఆడుతుంది. వంపు బాగా పెంచిన కమాన్ బిర్రుగా అయిపోయి చక్రాన్ని కిందికి దిగనివ్వదు.

బావ: అందులో అబద్ధం లేదు. కానీ దానితో పాటు వచ్చేవి కూడా చెప్పు. స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే కడ్డీ, డ్రాగ్ లింక్, ఏటవాలుగా అయిపోతుంది, గుంతలో చక్రం దిగినప్పుడల్లా స్టీరింగ్ దానంతట అదే తిరుగుతుంది. లో గేరులో ఎక్కించేటప్పుడు యాక్సిల్ మెలి తిరిగి కమాన్ ఎస్ ఆకారంలో వంగుతుంది, దాన్ని ఆపడానికి ట్రాక్షన్ బార్ కట్టాలి. ఇంజన్ శక్తిని యాక్సిల్‌కు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం పెరిగి దాని కీళ్లను, అంటే క్రాస్‌లను, తింటుంది. బండి ఎత్తు పెరిగి పక్కవాలులో పడిపోతానని భయపెడుతుంది. వీటికి పెట్టే డబ్బు కూడా ఆ రెండు లక్షల్లోంచే పోవాలి.

బామ్మర్ది: అన్నీ సరిచేసుకోవచ్చు.

బావ: ఎవరు సరిచేసుకుంటారు? చాలా మంది లేపి వదిలేస్తారు.

బామ్మర్ది: నేను చేయించాను బావా.

బావ: ఏం చేయించావు?

బామ్మర్ది: నా బండికి, స్ప్రింగ్ ఓవర్. నెలన్నర అయింది. వింటున్న వాళ్లలో సగం మంది ఫొటోలు చూశారు. నీకు ఎట్లా చెప్పాలో తెలియక ఆగాను.

(కాసేపు మౌనం)

బావ: కమాన్ కూర్చునే ప్యాడ్లు ఎవరు వెల్డింగ్ చేశారు?

బామ్మర్ది: ఆటోనగర్‌లో, లారీ హౌసింగులు చేసే మనిషి. పినియన్ కోణం, అంటే షాఫ్ట్ వచ్చి కలిసే గేరు కోణం, చూసి ముందు చుక్కలుగా టాక్ పెట్టి, బండి బరువు కమాన్ల మీద పడ్డాక మళ్లీ కొలిచి, అప్పుడు పూర్తిగా కాల్చాడు. ట్రాక్షన్ బార్ ఉంది. డ్రాగ్ లింక్ వంచింది వేశాను.

బావ: బ్రేక్ ఆయిల్ పోయే రబ్బరు గొట్టాలు, హోస్‌లు?

బామ్మర్ది: ముందు రెండూ పొడుగువి వేశాను.

బావ: వెనకది?

బామ్మర్ది: వెనకది అందుతోంది అన్నాడు.

బావ: బండి నేల మీద ఉన్నప్పుడు అందుతుంది. చక్రం గాల్లో వేలాడినప్పుడు చూశారా?

బామ్మర్ది: లేదు.

బావ: ఇది నేను మైకులో ఎప్పుడూ చెప్పలేదు. మీ అక్కకు ఇష్టం ఉండదని. ఇవాళ చెబుతాను. పాత బండికి, ఏపీ 09 నంబర్‌ది, నేను కూడా లిఫ్ట్ చేయించాను. స్ప్రింగ్ ఓవర్ కూడా కాదు. వంపు ఎక్కువున్న కమాన్లు, కమాన్ చివరను ఛాసిస్‌కు కలిపే షాకిళ్లు రెండంగుళాలు పొడుగువి. షాకిల్ రెండంగుళాలు పెరిగితే బండి ఒక అంగుళమే లేస్తుంది, మొత్తం కలిపి మూడు వచ్చింది. చేసిన వర్క్‌షాప్ పేరు చెప్పను. అంతా చూశాం అన్నారు. అనంతగిరి వైపు, వానాకాలం చివర్లో, కోట్‌పల్లి చెరువు చూసి వస్తున్నాం. నేను, మీ అక్క, వెనక పాప. దిగుడు మట్టి దారిలో ఒక వాగు కోత ఉంది, అందులోకి దిగేటప్పుడు వెనక ఎడమ చక్రం పూర్తిగా కిందికి వేలాడింది. ఛాసిస్ నుంచి యాక్సిల్‌కు వెళ్లే హోస్ లాక్కుపోయి తెగింది. తర్వాత బ్రేక్ తొక్కితే పెడల్ దాదాపు నేల దాకా పోయింది.

బామ్మర్ది: అక్క నాకెప్పుడూ చెప్పలేదు.

బావ: చెప్పదు. జిప్సీలో ముందు బ్రేకులకు, వెనక బ్రేకులకు వేరు వేరు సర్క్యూట్ ఉంటుంది కాబట్టి ముందువి కొంచెం పట్టాయి. ఫోర్ లోలో, అంటే నాలుగు చక్రాలూ తక్కువ వేగంలో తిరిగే గేరులో, ఫస్ట్ గేరు వేసి ఉన్నాను కాబట్టి ఇంజనే బండిని పట్టుకుంది. న్యూట్రల్‌లో ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా నాకు ధైర్యం చాలదు. పాప అద్దంలోంచి నెమళ్లను చూస్తూ ఏదో పాడుతోంది. దానికి ఏమీ తెలియదు.

బామ్మర్ది: బావా.

బావ: అందుకే నేను లిఫ్ట్ అంటే ముందు హోస్ అడుగుతాను. ఒక వెనక చక్రాన్ని రాయి మీదకు ఎక్కించి, రెండోదాన్ని గుంతలోకి వదిలి, హోస్ ఎంత మిగిలిందో కింద పడుకుని చూడాలి. అప్పుడే షాక్ అబ్జార్బర్ కూడా కొలవాలి. చక్రం పూర్తిగా కిందికి దిగినప్పుడు ఎంత పొడుగు, పూర్తిగా పైకి నొక్కుకున్నప్పుడు ఎంత పొడుగు. ఆ రెండు కొలతలు తీసుకుని షాక్ కొనాలి. బంప్ స్టాప్ రబ్బరు ముందు తగలాలి, షాక్ అడుగు తగలడానికి ముందే. ఇందులో ఖర్చు ఏముంది చెప్పు, టేపు ఒకటి కావాలి.

బామ్మర్ది: రేపే మారుస్తాను.

బావ: మార్చే దాకా బండి తీయకు.

బామ్మర్ది: తీయను. కానీ ఒక మాట, నేను చేసింది తప్పు అని ఒప్పుకోను. హోస్ వదిలేయడం తప్పు. స్ప్రింగ్ ఓవర్ తప్పు కాదు. పోయిన నెల నేను గుండ్ల మీద తీసుకున్న దారి నీ బండితో కాదు.

బావ: నీది గుండ్ల కోసం కట్టిన బండి. హన్మకొండ తమ్ముడు రోజూ దాని మీదే ఆఫీసుకు పోతాడని అన్నావు కదా? అతనికి కంపెనీ ఎత్తు మీద ఒకటిన్నర, రెండు అంగుళాలు చాలు. పారాబోలిక్ కమాన్లు దొరికితే మంచిదే. పట్టీలు తక్కువ, మధ్యలో, చివర్లో తప్ప ఒకదానికొకటి రాసుకోవు, కాబట్టి మెత్తగా ఆడతాయి. డబ్బు చాలకపోతే రాణిగంజ్ వైపు కొత్త పట్టీలు కట్టించుకోవచ్చు. పాత పట్టీలకు గ్యాస్ మంట పెట్టి వంపు తెప్పించే వాడి దగ్గరికి మాత్రం పోవద్దు. ఉక్కు పదును పోయి రెండు నెలల్లో మళ్లీ చదునైపోతుంది. ఏది కట్టించినా...

బామ్మర్ది: కాంటా చీటీ చేతిలో పట్టుకుని పోవాలి.

బావ: అవును. ఇంకోటి, ముందు షాకిళ్లు పొడుగువి వేయొద్దు. జిప్సీకి ముందు షాకిల్ ముందు వైపు ఉంటుంది. అది పొడుగైతే క్యాస్టర్, అంటే ముందు చక్రం తిరిగే కీలు వెనక్కి వాలే కోణం, తగ్గుతుంది, స్టీరింగ్ తిప్పి వదిలితే నిటారుగా రాదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద 80లో బండి అటూ ఇటూ పోతుంది.

బామ్మర్ది: ఆర్‌సీ సంగతి కూడా ఒక మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. పని మొదలుపెట్టే ముందు ఇది తెలిసి ఉండాలి.

బావ: యాక్సిళ్ల గురించి అడిగాడు కదా, అది మిగిలిపోయింది.

బామ్మర్ది: నాలుగు నిమిషాల్లో చెప్పెయ్యి, అక్క రెండుసార్లు ఫోన్ చేసింది.

బావ: ఉన్న జిప్సీ యాక్సిళ్లే ఉంచుకోమంటాను. 29 అంగుళాల టైరు లోపు, ఆ 1300 సీసీ ఇంజన్‌కు అవి చాలు. ఆ డబ్బులో సగం వాటిని విప్పి బాగుచేయడానికి పెట్టాలి. ముందు చక్రాలు తిరిగే కీళ్లలో, అంటే నకిల్స్‌లో, కింగ్ పిన్ బేరింగులు, నకిల్ సీళ్లు, లోపలి సీళ్లు. నకిల్ లోపలి బంతి దగ్గర ఆయిల్ జిడ్డు కనిపిస్తే లోపలి సీల్ పోయిందని అర్థం. కింగ్ పిన్ వదులైతే 60లో స్టీరింగ్ వణుకుతుంది. జనం టైర్ బ్యాలెన్సింగ్ చేయించి చేయించి అలిసిపోతారు. హౌసింగ్ గొట్టం వంగిందా అని దారం పెట్టి చూడాలి.

బామ్మర్ది: జీప్ యాక్సిల్ బలం ఎక్కువ కదా?

బావ: ఎక్కువ. బరువూ ఎక్కువ, ఆ బరువంతా కమాన్ కింద ఉంటుంది. రిమ్ములు కలుస్తాయి, రెండింటికీ 5 బోల్టులే, బోల్టుల వలయం వ్యాసం (పీసీడీ) 139.7 మిల్లీమీటర్లు. దాన్ని చూసి మిగతావన్నీ కలుస్తాయి అనుకుంటారు. ముందు హౌసింగ్ గుండు, ముందూ వెనకా యాక్సిళ్లకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి షాఫ్ట్ వచ్చే వైపే ఉండాలి. బ్రేకులు, ప్రొపెల్లర్ షాఫ్ట్‌లు, స్టీరింగ్ లింకులు, అన్నీ మళ్లీ మొదటి నుంచి. ఒకవేళ కొంటే ముందూ వెనకా డిఫరెన్షియల్ గేరు పళ్లు లెక్కపెట్టి కొనాలి. యుద్ధకాలం విల్లీస్ జీప్‌లో రేషియో 4.88, తర్వాత జనానికి అమ్మిన సీజే 2ఏలో 5.38. అంటే పళ్లు 39కి 8, 43కి 8. స్క్రాప్‌లో ఇలాంటివి రెండూ పక్కపక్కనే పడి ఉంటాయి, పైకి ఒకేలా కనిపిస్తాయి. ముందు ఒకటి, వెనక ఒకటి పడితే గట్టి నేల మీద ఫోర్ వీల్ వేసిన రోజు ట్రాన్స్‌ఫర్ కేస్ పోతుంది.

బామ్మర్ది: తాండూరు వైపు నల్లరేగడిలో తిరిగేవాళ్లకు వేరే చెప్పాలి, అది వచ్చే వారం. బావా, వెనక హోస్ ఎంత పొడుగు తెచ్చుకోవాలి?

బావ: చక్రం వేలాడదీసి కొలిస్తే కదా తెలిసేది. నేను పొద్దున ఆరింటికి వస్తాను, జాక్ తెస్తాను. హోస్ మార్చి, అక్కడి నుంచి నేరుగా కాంటాకు పోదాం.

బామ్మర్ది: విన్చ్ విప్పాలా?

బావ: వద్దు, ఉండనీ. రోజూ ఎట్లా తిరుగుతావో అట్లాగే. ట్యాంకు నింపించు. స్టెప్నీ కూడా ఉండాలి.

బామ్మర్ది: స్టెప్నీ ఇంట్లో ఉంది.

బావ: ఇంట్లో ఎందుకుంది?

బామ్మర్ది: అక్క మళ్లీ చేస్తోంది, ఒక్క నిమిషం. హలో అక్కా, ఆ, ఇక్కడే ఉన్నాడు...