వంతెన కాళ్ల కింద నీళ్లు

శ్రోతలకు నమస్కారం.

వంతెన దాటేటప్పుడు మన కళ్లు పైపైనే తిరుగుతాయి. తారు ఎలా ఉంది, రెయిలింగుకు రంగు వేశారా, గుంతలు పూడ్చారా అని చూస్తాం. వరదల్లో కూలిన వంతెనల సంగతి ఆరా తీస్తే మాత్రం, చాలావాటికి ముందు పోయింది పునాది కింది మట్టి.

సముద్రం ఒడ్డున అల వెనక్కి తీస్తున్నప్పుడు నిలబడి చూడండి. మడమల కింద ఇసుక జారిపోతుంది, మనిషి ఒరుగుతాడు. ఏటి మధ్యలో ఉన్న స్తంభానికి జరిగేదీ అదే. ప్రవాహం స్తంభాన్ని ఢీకొని కిందికి దిగుతుంది, దాని మొదట్లో సుడి తిరుగుతుంది, అడుగున ఉన్న ఇసుకను తవ్వి పట్టుకుపోతుంది. ఇంజినీర్లు దీన్ని కోత అంటారు. కొట్టుకొచ్చిన చెట్లూ చెత్తా స్తంభానికి అడ్డంపడితే కోత ఇంకా లోతుకు పోతుంది. వరద బలంగా ఉన్నప్పుడు పడిన గుంత, వరద తీసేటప్పుడు కొత్త ఇసుకతో పూడిపోతుంది. అందుకే నీళ్లు తగ్గాక వెళ్లి చూస్తే అంతా మామూలుగానే కనిపిస్తుంది. ఆ కొత్త ఇసుక వదులుగా ఉంటుంది. మళ్లీ వరద వస్తే ముందు లేచిపోయేది అదే.

పోర్చుగల్‌లో డౌరో నది మీద 19వ శతాబ్దంలో కట్టిన ఒక వంతెన ఉండేది. 2001 మార్చి 4 రాత్రి దాని స్తంభం ఒకటి కూలింది. బాదం పూలు చూసి ఇళ్లకు తిరిగి వస్తున్న యాత్రికుల బస్సు, దాంతోపాటు మూడు కార్లు నదిలో పడిపోయాయి. 59 మంది చనిపోయారు. సంబంధిత మంత్రి రాజీనామా చేశారు. ఏళ్ల తరబడి నదిలో ఇసుక తవ్వడం వల్ల అడుగు మట్టం దిగిపోయి, పునాదికి ఆసరా లేకుండా పోయిందని విచారణలో తేలింది. వంతెన దగ్గర ఇసుక తీయడమంటే ఆ వంతెనను విడతలవారీగా పడగొట్టడమేనని నా గట్టి అభిప్రాయం.

మరి ఊళ్లో ఉన్నవాళ్లం ఏం చూడగలం? చాలానే చూడగలం. వంతెన ఒక చివర నిలబడి, రెయిలింగు మీదుగా ఒక కన్ను మూసి అవతలి చివరకు చూడండి. గీత సాఫీగా సాగిపోతే సరే. మధ్యలో ఎక్కడైనా కుంగినా, పక్కకు వంగినా, అక్కడి స్తంభం కదిలిందేమోనని అనుమానించాలి. అప్రోచ్ రోడ్డు వంతెనను కలిసే చోట కొత్తగా పగులు వచ్చిందా, నిన్నటిదాకా లేని ఎత్తుపల్లం తగులుతోందా అన్నది ఇంకో గుర్తు. ఇక తాడుకు బరువు కట్టి, రెయిలింగు మీంచి ప్రతి స్తంభం పక్కనా నీళ్లలోకి వదిలి, అడుగు ఎంత లోతులో తగిలిందో కొలిచే పద్ధతి ఎప్పటిదో పాతది. ఏటేటా అదే చోట కొలిచి రాసిపెడితే, నది అడుగు దిగుతోందో లేదో ఆ కాగితమే చెబుతుంది. ఈ కొలత వంతెనలు చూసే సిబ్బంది చేత తీయించండి. వరద రోజున మాత్రం ఎవరూ ఆ పని పెట్టుకోవద్దు.

అమెరికాలో ఓహైయో నది మీది సిల్వర్ బ్రిడ్జి 1967 డిసెంబరు 15న కూలి 46 మంది మరణించాక, అక్కడ వంతెనలను క్రమం తప్పకుండా తనిఖీ చేయాలన్న నిబంధన దేశమంతటా వచ్చింది. అది కూలింది ఉక్కు కడ్డీలో మొదలైన చిన్న పగులు వల్ల. చిన్న ఊళ్లకు అంత ఇంజినీరింగ్ సిబ్బంది ఉండరు, నిజమే. అలాంటప్పుడు నాలుగైదు ఊళ్లు కలిసి ఒక ఇంజినీరును పెట్టుకోవడం తెలివైన పని.

రోడ్డుకు కూడా నీళ్లే శత్రువు. రోడ్డు మధ్య కాస్త మెరకగా, అంచులకు వాటంగా ఉంటేనే వాన నీరు పక్క కాలువలోకి పోతుంది. అంచున గడ్డీ మట్టీ పేరుకుని గట్టులా లేచిందంటే ఆ నీరు రోడ్డు మీదే ఆగి, పగుళ్లలోంచి కిందికి దిగుతుంది. నానిన పునాది మీదుగా బరువు లారీ పోతే తారు చిట్లి గుంత పడుతుంది. ఒక యాక్సిల్ మీద, అంటే చక్రాల ఇరుసు మీద, బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం సుమారు 16 రెట్లు ఉంటుందని 1950ల చివర ఇలినాయ్‌లో లారీలు నడిపి చేసిన పరీక్షల నుంచి తీసిన లెక్క. గుంత పూడ్చే ముందు కాలువ తీయించండి. కాలువ తీయకుండా పూడ్చిన గుంత మళ్లీ పడుతుంది.

వేగం సంగతి క్లుప్తంగా చెబుతాను. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదన్నది స్వీడన్ 1997లో చేపట్టిన రోడ్డు భద్రతా విధానంలో ఒక ముఖ్య సూత్రం. ఊరి మొదట్లో రోడ్డును కాస్త ఇరుకు చేసి, బడి ముందు దాటే చోటును ఎత్తు చేస్తే, బోర్డు చదవని డ్రైవరు కూడా నెమ్మదిస్తాడు.

వంతెన మీద తేడా కనిపిస్తే తేదీ వేసి, ఎన్నో స్తంభం, ఎగువ వైపా దిగువ వైపా రాసి, ఫొటో జతచేసి ఇంజినీరుకు పంపండి. పరీక్ష అయ్యేదాకా ఆయన వంతెన మూసేస్తే ఊరికి ఇబ్బందే, చుట్టు తిరిగి పోవాలి. అయినా ఆ నిర్ణయాన్ని నిలబెట్టండి. అంబులెన్సు ఏ దారిన రావాలో అదే రోజు తేల్చుకోండి. మూసివేత బోర్డును వంతెన దగ్గర ఒక్కటే కాకుండా, దారి చీలే మలుపు దగ్గర కూడా పెట్టించండి. అక్కడైతే వాహనాలు తేలిగ్గా వేరే దారి పడతాయి.

నమస్కారం.